వీరవాసరంలో దిగిన పెళ్ళికొడుకు

హారిస్ పార్కు, సిడ్నీ
1989 ఆగస్టు

బావా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. కోడలు ఎవా "నేను రాసిపెడతాను మావయ్యా" అంది. అక్కర్లేదన్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటే నువ్వు తల వంకరగా పెట్టుకుని చదువుకో.

నేను బాగానే ఉన్నాను. ఆగస్టులో చలేంటో ఈ దేశంలో, అంతా తలకిందులు. మావాడు బెన్‌హరూ కోడలూ పొద్దున్నే పారమట్టా ఆసుపత్రికి డ్యూటీకి పోతారు. తరవాత ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ. అది గుర్రుగుర్రుమంటది, నేను ఊఁ కొడతాను. వీధిలో మనుషులుండరు. ఒకడు కనపడితే "ఎక్కడికీ?" అని అడిగాను, మర్యాదకి. ఎవా పరిగెత్తుకొచ్చి "అలా అడక్కూడదు మావయ్యా" అంది. ఎక్కడికెళ్తున్నాడో అడక్కపోతే ఇంకేం అడుగుతాం మనిషిని? పాలకొల్లు స్టేషను బయట నా జట్కా ఎక్కినోణ్ణి నేను మొదట అడిగే మాటే అది.

సరే, అసలు సంగతి. ఆదివారం మన తెలుగువాళ్ళ ఆరాధన ఒక చర్చి హాల్లో జరుగుద్ది. మొన్న ప్రసంగం ఎంతకీ తెమల్లేదు. మంచినీళ్ళకని లేచి వెనక గది తలుపు తీశాను. లోపల గదంతా ఒకటే బల్ల. బల్ల మీద ఊరు, బావా! కొండలు, గొర్రెలు, సారాకొట్టు, స్టేషను. పట్టాల మీద జానెడు పెట్టెలతో రైలు. మనుషులు వేలి కణుపంత. అదో క్లబ్బంట. పెద్ద పెద్ద మగాళ్ళు శనివారం శనివారం వచ్చి ఆ రైలుని నడుపుతారంట.

రైలు బాగుంది. జనమే బాలేదు. ప్లాటుఫారం మీద నలుగురుంటే నలుగురూ నాలుగు దిక్కులు చూస్తన్నారు. ఒకడు గోడకేసి నిలబడ్డాడు, పంతులు శిచ్చ వేసినట్టు. ఒక్కడి చేతిలో క్యారేజీ లేదు, మూట లేదు. వీళ్ళు ప్రయాణాలు చేసే మనుషులా? నాకు ఒళ్ళు మండి గోడకాడోణ్ణి పీకి, టోపీ ఆవిడ ఎదురుగా పెట్టాను. అంతలో "ఆమేన్" వినపడింది, వచ్చేశాను.

మరుసటి వారం కెన్ అని వాళ్ళ పెద్దాయన ఆ గది ముందర కాసుకుని ఉన్నాడు. తెల్ల గడ్డం, పొట్టి లాగు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. "హూ డిడ్ దిస్?" అన్నాడు. "మీ" అన్నాను, భయమా నాకు? "వై?" అన్నాడు. నా ఇంగ్లీషు నీకు తెలుసు. "హస్బెండ్. వైఫ్. వైఫ్ గోయింగ్ మదర్ హవుస్. హస్బెండ్ వెరీ హ్యాపీ, నో షోయింగ్" అన్నాను. ఆయన ఆ బొమ్మగాడి మొహంలోకి వంగి చూశాడు. చూసి, బల్ల పట్టుకుని నవ్వాడు. ఆయనకీ పెళ్ళాం ఉందన్నమాట. ఇప్పుడు నాకో కుంచె, రంగులు ఇచ్చాడు.

బెన్‌హరు మీ ఇద్దరికీ వీసా కాయితాలు పంపుతానంటన్నాడు. ఈస్టరుకి రండి. రాకపోయినా నాకేం లోటు లేదు. వస్తే ఒక మంచం ఖాళీగా ఉంది, అంతే. అమృతాన్ని అడిగానని చెప్పు.

సమూయేలు


పాలకొల్లు
1989 సెప్టెంబరు

ప్రియమైన బావగారికి జకరయ్య వ్రాయునది.

మీ ఉత్తరం రెండు పర్యాయములు చదివితిని. మొదటిసారి అక్షరములు అర్థం కాక, రెండవసారి సంగతి నమ్మశక్యం కాక.

మీరు సముద్రాలు దాటి వెళ్ళింది బొమ్మలాట ఆడుకొనుటకా? మన వీధి అరుగు మీద ఈ వార్త చదివి వినిపించాను. అందరూ సంతోషించారు. "సమూయేలు తాతకి బాల్యం తిరిగి వచ్చింది, పళ్ళు కూడా వస్తాయేమో" అని ఒకరన్నారు. మిషను ఆసుపత్రిలో కంపౌండరుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, ఈ వయసులో ఇలాంటివి మలబద్ధకం వల్ల కూడా కలుగుతాయి. రాత్రి పూట గోరువెచ్చని నీరు పుచ్చుకోండి.

అయినా మీరు టోపీ దొరసానికి మొగుణ్ణి కుదిర్చిన వైనం బాగున్నది. పెళ్ళాన్ని పుట్టింటికి పంపే వేళ సంతోషం దాచుకొనుట సులువు కాదు. ఈ వాక్యం మీ చెల్లెలు చదవకుండా ఉత్తరం మడిచి పెడుతున్నాను.

పాసుపోర్టులకు దరఖాస్తు పెట్టాము. ఫోటోలో అమృతం నవ్వకూడదన్నారు, అది కుదరక మూడు రోజులు తిరిగాము. ఈస్టరుకి తప్పక వస్తాము. ఆ బల్ల మీద ఒక మంచి డిస్పెన్సరీ కట్టించండి, లోపల నన్ను కూర్చోబెట్టండి.

మీ బావ,
జకరయ్య

(అన్నయ్యా, మడతపెట్టింది కూడా చదివాను. – అమృతం)


హారిస్ పార్కు
1989 నవంబరు

బావా,

డిస్పెన్సరీ కట్టలేదు గానీ నిన్ను పెట్టాను. చదువు.

కెన్ నాకు బల్ల మీద ఒక మూల ఇచ్చేశాడు. "యువర్ స్టేషన్" అన్నాడు. కమిటీలో ఒకడు అడ్డం పడ్డాడు. ఇది ఆస్ట్రేలియా పల్లెటూరు, గొర్రెల పక్కన ఇండియా ఎలా వస్తుందీ అని. కెన్ ఆలోచించి ఒక కొండ కట్టి సొరంగం తొలిచాడు. రైలు ఇటు గొర్రెల కాడ దూరి అటు మన దగ్గర బయటికొస్తది. వీసా లేదు, ఏం లేదు.

నేను వీరవాసరం కట్టాను. మనుషులు జర్మనీ నించి డబ్బాల్లో వస్తారు, అందరికీ సూటూ బూటూ. ముందు వాళ్ళందరికీ రంగు మార్చాను. చాక్లెట్టు కాయితం చింపి చీరలు చుట్టాను. బియ్యపు గింజకి కళ్ళు పెడితే చంటిపిల్ల. జీలకర్రకి పచ్చరంగేసి గుత్తులు కడితే అరటిగెలలు. పకోడీల బండి ఒకటీ, గెలల బండి ఒకటీ పెట్టాను, అవి ఎందుకో నీకు తెలుసు. బయట నా జట్కా, నా గుర్రం. గుర్రం మటుకు జర్మనీదే, బాగా తిన్నది, మన దానిలా లేదు.

ఇంక మధ్యలో నువ్వు. నీ పెళ్ళినాటి నువ్వు.

బెన్‌హరుకి తెలీదంట ఆ కథ, ఎవాకీ తెలీదు. చెప్పాను. మగపెళ్ళివాళ్ళది నిడదవోలు. ఆడపెళ్ళివాళ్ళం మేం పాలకొల్లు. పెళ్ళికొడుకుని తీసుకురావడానికి బావమరిది వెళ్ళాలి గనక నేనెళ్ళాను. నిన్నూ, మేళాన్నీ, చుట్టాల్నీ రైలెక్కించాను. వీరవాసరంలో రైలాగింది. ప్లాటుఫారం మీద పకోడీలు వేస్తన్నారు. వాసన తగిలింది. పెళ్ళికొడుకు గుటుక్కున దిగిపోయాడు. రైలెళ్ళిపోయింది. పాలకొల్లులో మేళం వాయించుకుంటూ దిగాం, అంతా ఉన్నారు, పెళ్ళికొడుకు లేడు. మా నాన్న నన్ను కొట్టడానికి చెప్పు తీశాడు. చర్చిలో అయ్యగారు అందరిచేతా పాటలు పాడించి పాడించి పాటలన్నీ అయిపోయినాక, అరటిగెలల బండి మీద, గెలల మధ్య, నువ్వు.

అదే పెట్టాను. కదులుతున్న రైలు, వెనకాల కోటు ఎగురుతూ నువ్వు, చేతిలో పకోడీ పొట్లం. పొట్లం అంటే సగం సెనగబద్ద. కెన్‌కి కథ చెబితే కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. మార్చిలో పారమట్టాలో పెద్ద హాల్లో ఈ బల్లని జనానికి చూపిస్తారు. వందలమంది వస్తారంట. ఫోటో పెట్టాను, చూసుకో.

సమూయేలు


పాలకొల్లు
1989 డిసెంబరు

సమూయేలూ,

'ప్రియమైన' అని వ్రాయలేదు. గమనించు. 'మీరు' కూడా మానేశాను.

ఫోటో చూశాను. భూతద్దం పెట్టి చూశాను. నలభై ఏళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి సమాధి కార్యక్రమంలోనూ నువ్వు చెప్పే ఈ అబద్ధాన్ని చుట్టరికం కొద్దీ భరించాను. ఇప్పుడు దాన్ని బంకపెట్టి అతికించి తెల్లవాళ్ళకి చూపిస్తావా?

నిజం నీకు తెలుసు. తణుకు దాటగానే నీ మొహం దోసకాయ రంగుకి తిరిగింది. జట్కా తప్ప ఎక్కని వాడివి, రైలు పడలేదు. పెళ్ళికొడుకుని తీసుకువెళ్ళడానికి వచ్చిన బావమరిది కిటికీలోంచి తల బయట పెట్టి, అత్తిలి దగ్గరనించి భీమవరం దాకా ప్రతి స్టేషనుకీ కానుక వేసుకుంటూ వచ్చాడు. వీరవాసరంలో "బావా, పోతున్నాను, అమృతాన్ని బాగా చూసుకో" అన్నావు. కంపౌండరుని కదా, చూస్తూ ఊరుకోలేక నీకు సోడా తేవడానికి దిగాను. సోడా! పకోడీ కాదు. గోలీ లోపలికి దిగక వాడు ఆలస్యం చేశాడు. ఆ మహోపకారానికి ఇదా బహుమానం?

పోతే నీ బొమ్మలో తప్పులు. కోటు నల్లది కాదు, ముదురు నీలం. అద్దె కోటు కాదు, కుట్టించినది. నాకు అప్పట్లో మీసం ఉండేది, చూసినవాళ్ళు మెచ్చుకునేవారు. నీ బొమ్మలో వాడు నున్నగా గుడ్డులా ఉన్నాడు. ఆ పొట్ట ఎవరిదో నాకు తెలియదు, నాది కాదు. పరిగెత్తేటప్పుడు నేను ముందు కుడికాలు వేస్తాను.

పాసుపోర్టులు వచ్చాయి, వీసాలు పడ్డాయి. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ పకోడీ పొట్లం అక్కడ ఉన్నంతకాలం మేము సిడ్నీ రాము. నన్ను రైలెక్కించు, లేదా నన్ను మరిచిపో.

జకరయ్య

(అన్నయ్యా, అందరూ ఉన్నారు, నేనేనా లేనిది? ఎర్ర చీర మనిషి నేనైతే మటుకు తప్పు, నాది తెల్ల చీర. – అమృతం)


హారిస్ పార్కు
1990 జనవరి

కంపౌండరు గారికి,

తమరి ఉత్తరం అందింది. ఇక్కడ ఎండ మండిపోతంది, తమరి ఉత్తరం దానికి తోడు.

కోటు నీలం వేశాను. మీసం పెట్టాను, కుంచె వెంట్రుక ఒకటి కత్తిరించి. మెచ్చుకోవడానికి భూతద్దం కావాలి, అప్పుడూ అంతే. పొట్ట జర్మనీవాడు చేసింది, బ్లేడుతో గీకాను. కాలు మార్చడం నా వల్ల కాదు, కావాలంటే జర్మనీకి రాసుకో.

పకోడీ పొట్లం తియ్యను.

సోడా అంట. సోడా తేవడానికి వెళ్ళినోడికి మూతి మీద కారం ఎందుకుంది? గెలల బండి దిగినప్పుడు నిన్ను మొదట చూసింది నేను. నాకు వాంతులంట. నేను కిటికీలోంచి చూస్తన్నాను, ఊళ్ళు చూస్తన్నాను.

నిన్ను రైలెక్కించాలా? ఎక్కితే ఎక్కడికెళ్తావు? పాలకొల్లు బల్ల మీద లేదు, చోటు చాల్లేదు. వీరవాసరం దాటితే సొరంగమే, సొరంగం దాటితే ఆస్ట్రేలియా సారాకొట్టు. పెళ్ళికొడుకుని సారాకొట్టుకి పంపమంటావా? నేను ఆ మాత్రం పరువు చూశాను, నువ్వు అర్థం చేసుకోలేదు.

అమృతం, నువ్వు పాలకొల్లులో కూచుని ఎదురుచూస్తన్నావు గదా, అందుకని లేవు. ఏమీ అనుకోకు. ఎర్ర చీర మనిషి చేపలమ్మే ఆవిడ.

రాకపోతే మానండి. బలవంతం లేదు. ఆ మంచం మీద బట్టలు ఆరేసుకుంటాం.

బల్లె సమూయేలు


పాలకొల్లు
1990 జనవరి

సమూయేలూ,

వాదన అనవసరం. సాక్ష్యం పంపుతున్నాను.

మన వీధి చివరి వడ్రంగి చేత నీ బొమ్మ చెక్కించాను. ఆనాడు కిటికీలోంచి తల బయట పెట్టి నువ్వు "ఊళ్ళు చూసిన" భంగిమ. నేను పక్కన కూర్చుని చెప్పి చేయించాను. బుగ్గలు ఉబ్బి ఉండుట, కళ్ళు తేలవేయుట, అన్నీ యథాతథం. టేకు చెక్క. పార్సిలులో వస్తుంది.

నీ రైలుపెట్టె మూడో కిటికీ దగ్గర దీన్ని అమర్చు. అప్పుడు వందలమంది వచ్చి చూడనీ. నాకు అభ్యంతరం లేదు.

జకరయ్య

(వడ్రంగి నవ్వు ఆపుకోలేక ఒక చెవి చెడగొట్టాడు అన్నయ్యా. – అమృతం)


హారిస్ పార్కు
1990 ఫిబ్రవరి

బావా,

పార్సిలు వచ్చింది. పోస్టతను రెండు చేతుల్తో మోసుకొచ్చాడు.

ఒరే బావా, వేలి కణుపంత అని మొదటి ఉత్తరంలో రాశాను గదా. ఫోటో చూసి అది నిజం స్టేషనంత అనుకున్నావా? నువ్వు పంపినోడు మూరెడున్నాడు! స్టేషను కన్నా పొడుగు. కిటికీలో వాడి ముక్కు పట్టదు. వాడు వాంతి చేసుకుంటే రైలూ, ఊరూ, గొర్రెలూ, కెన్ మేజోళ్ళూ కలిసి కొట్టుకుపోతాయి.

బెన్‌హరు కింద కూచుని నవ్వాడు. ఎవా తలుపు పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. తరవాత గదిలోకెళ్ళి తలుపేసుకుని నవ్వాను.

క్లబ్బుకి తీసుకెళ్ళా. కెన్‌కి దిమ్మ తిరిగింది. టేకు అనగానే కళ్ళకద్దుకున్నాడు. "బ్యూటిఫుల్ వర్క్" అన్నాడు. పారెయ్యడానికి మనసు రాక ఆస్ట్రేలియా వైపు సారాకొట్టు ముందర, చౌరస్తాలో, దిమ్మ కట్టి నిలబెట్టాడు. ఊరి విగ్రహం! ఇప్పుడు నేను ఆ దేశంలో ఒక పెద్దమనిషిని. నడుం వంచి, బుగ్గలు ఉబ్బించి, తేలిపోయిన కళ్ళతో నిలబడ్డాను, చుట్టూ గొర్రెలు. మన తెలుగు అయ్యగారు చూసి "ప్రార్థనలో ఉన్న భక్తుడి పారవశ్యం కళ్ళల్లో కనపడుతోంది" అన్నారు. నేను అవునన్నాను.

సరే, విను. నేను తగ్గానని అనుకోకు. నీ చెక్కబొమ్మకి దడిసీ కాదు. నలభై ఏళ్ళు నిన్ను అక్కడ పరిగెత్తించాను, కాళ్ళు నొప్పెడతాయి, అంతే. నిన్ను రైలెక్కిస్తాను. ఆఖరి పెట్టె మెట్ల మీద నిలబెడతాను. ఒక చేతిలో సోడా, ఒక చేతిలో పొట్లం. రెండూ. ఎవరికి ఏది కావాలంటే అది చూసుకుంటారు. సారాకొట్టుకి వెళ్తావో ఎక్కడికెళ్తావో నాకు సంబంధం లేదు.

మార్చి మూడున ప్రదర్శన. తరవాత రాస్తాను.

మంచం కిటికీ వైపు జరిపాను. ఊరికే జరిపాను. గది ఊడ్చేటప్పుడు అడ్డమొస్తోందని.

సమూయేలు


హారిస్ పార్కు
1990 మార్చి

బావా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనుకున్నాను. ఎవా ఫోటోలు తీసింది, అవి ఎలాగూ చెప్పేస్తాయి. ఒట్టు, నేను తొయ్యలేదు.

ప్రదర్శనకి జనం ఇసకేస్తే రాలనంత. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకొచ్చారు. మన మూల దగ్గర కెన్ ఒక అట్ట మీద ఇంగ్లీషులో నీ కథ రాసి పెట్టాడు, పెళ్ళికొడుకు రైలందుకున్నాడు అని. నేను కొత్త చొక్కా వేసుకుని బల్ల వెనకాల నిలబడ్డా. ఎవరొచ్చినా "మై సిస్టర్ హస్బెండ్" అని నిన్ను చూపించాను.

పెద్ద దీపాలు వెలిగించారు. రైలు కదిలింది. ఆఖరి పెట్టె మెట్ల మీద నువ్వు, నీలం కోటు, మీసం, దొరలా ఉన్నావు. నిజం చెప్పాలి గదా, బాగున్నావు. వీరవాసరం వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. రైలు సొరంగంలో దూరింది. అవతల గొర్రెల కాడ బయటికొచ్చింది. ఆఖరి పెట్టె వచ్చింది. మెట్లు ఖాళీ.

ఒక పిల్ల "వేర్ ఈజ్ హీ?" అని అరిచింది.

వెనక్కి తిరిగి చూశాం. వీరవాసరంలో, పకోడీల బండి ముందర, నిటారుగా నిలబడి ఉన్నావు. పడిపోలేదు బావా. దిగావు. ఎవరో చెయ్యిపట్టి దింపినట్టు, మొహం మూకుడు వైపు.

దీపాల వేడికి బంక కరిగిందన్నాడు కెన్. మళ్ళీ అంటించాడు. మళ్ళీ తిరిగింది రైలు. వీరవాసరం వంపు రాగానే మళ్ళీ దిగావు. మూడోసారి కెన్ తన దగ్గరున్న గట్టి బంకంతా పూశాడు. ఈసారి మెట్టు కూడా ఊడదీసుకుని దిగావు. అప్పటికి హాల్లో జనమంతా ఇటే. మిగతా బల్లలవాళ్ళు కూడా వాళ్ళ రైళ్ళు ఆపేసి వచ్చారు. నువ్వు దిగినప్పుడల్లా ఒకటే కేకలు, "హీ మిస్డ్ ఇట్!" ఒక ముసలమ్మ నన్ను పట్టుకుని "పూర్ బ్రైడ్, పూర్ బ్రైడ్" అంటోంది. సాయంత్రానికి మన మూలకి ఒక రిబ్బను ఇచ్చారు, పసుపుది. అందరికన్నా ఎక్కువసేపు జనం నిలబడ్డ మూల అని.

నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. ఇంటికొచ్చి కూచుంటే నవ్వు ఆగిపోయింది. నిన్ను రైలెక్కిస్తానని మాటిచ్చాను. ఎక్కించాను గూడా. కానీ నువ్వు నమ్మవు. కావాలని చేశాడంటావు. బీరువా తాళం ఎక్కడో పారేస్తావు.

బావా, నేను ఆ స్టేషను బయట బతుకంతా నిలబడి "రండి బాబూ, రండమ్మా" అని గొంతు చించుకుని అరిచినవాణ్ణి, ఊరూ పేరూ తెలియనోళ్ళని. నిన్ను రమ్మనడానికి నాకు నోరు రావట్లేదు. అందుకని రాస్తన్నాను. రాయడం నాకు సరిగ్గా రాదు గనక ఒక్కసారే రాస్తాను. రండి.

ఫ్రిజ్జు కథలన్నీ అయిపోయాయి.

సమూయేలు


పాలకొల్లు
1990 మార్చి

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ అంచుల్లో రాశాను. ఈసారి కాగితం మొత్తం నాదే. ఆయన పక్కగదిలో పెట్టె సర్దుతున్నారు.

నీ ఉత్తరం ఆయన పెద్దగా చదివారు. "మెట్టు కూడా ఊడదీసుకుని దిగావు" దగ్గర ఆగిపోయారు. నాకు భయం వేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మళ్ళీ అక్కడేనా అమృతం?" అన్నారు. అని మొదలుపెట్టారు నవ్వడం. కట్టుడు పళ్ళు జారి మంచంకోడు దగ్గర దొరికాయి. అప్పుడు లేచి బీరువా తాళం తీశారు. అరుగు మీద అందరికీ చెప్పి వచ్చారు, ఆస్ట్రేలియాలో నాకు రిబ్బను ఇచ్చారని. నీ పేరు చెప్పలేదు.

ఇంక ఆ సోడా, పకోడీ తగువు. నలభై ఏళ్ళుగా ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు, ఒక్కరోజూ నన్ను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నీకు వాంతులైన మాట నిజం. ఆ రోజు నీ జుబ్బా ఉతికింది ఎవరనుకున్నావు, కొత్త పెళ్ళికూతురు. పకోడీల మాటా నిజమే. అయ్యగారు ఉంగరం తొడగమన్నారు. ఆడపిల్లలందరూ చెప్పేవారు, ఉంగరం కణుపు దగ్గర ఇరుక్కుంటుంది, నొప్పెడుతుంది, నవ్వుతూ ఓర్చుకో అని. నాకు సర్రున ఎక్కింది అన్నయ్యా. ఆయన వేళ్ళకి అంత నూనె ఉంది. ఉల్లిపాయ వాసన. తల దించుకుని ఉన్నానని అందరూ సిగ్గనుకున్నారు. నేను నవ్వు ఆపుకుంటున్నాను. సోడాకని దిగి ఉంటారు, వాసన తగిలి ఉంటుంది. మనిషి అంతే. పాపం సోడా కూడా తెచ్చారు, గెలల బండి కుదుపులకి పొంగిపోయింది. కోటు మీద మరక ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నా మాట విను. ఆయన్ని మళ్ళీ రైలెక్కించకు. ఎన్నిసార్లు ఎక్కించినా అక్కడే దిగుతారు. పాలకొల్లు బల్ల మీద లేదన్నావు. లేని ఊళ్ళో నేను ఎంతకాలం కూచుని ఎదురుచూడను? నన్నూ వీరవాసరంలో దింపు. తెల్ల చీర. కొంచెం సన్నగానే చెయ్యి, నేను అప్పట్లో సన్నమే.

ఏప్రిల్ పదిన వస్తున్నాం. ఆవకాయ అక్కడ దిగనివ్వరంటున్నారు, నిజమా?

అమృతం


హారిస్ పార్కు
1990 మార్చి ఆఖరు

అమృతం,

నిజమే, ఆవకాయ దిగనివ్వరు. ఎవా ఇక్కడే పెట్టింది, బాలేదు, బాగుందని చెప్పు.

నిన్ను దింపాను. డబ్బాలో ఒక జర్మనీ నర్సు మిగిలింది, సన్నగా ఉంది. ఎవా ఆసుపత్రి గాజుగుడ్డ పీచు ఇచ్చింది, దాంతో తెల్ల చీర చుట్టాను. పకోడీల బండి దగ్గర బల్ల వేసి మీ ఇద్దర్నీ కూచోబెట్టాను. పొట్లం నీ చేతిలో పెట్టాను. సోడా ఆయన చేతిలో ఉంది. ఆయన్ని అంటించలేదు. కెన్ బంక తెస్తే వద్దన్నాను, ఇంకెక్కడికీ పోడు. నా జట్కా స్టేషను బయట తిప్పి పెట్టాను, మీరు తిన్నాక ఎక్కుతారు.

రైలు వస్తది, ఆగుతది, వెళ్ళిపోతది. ఇప్పుడు ఎవరూ పరిగెత్తట్లేదు. కెన్ చాలాసేపు చూసి, అట్ట మీద రాసింది కొట్టేశాడు. కొత్తగా ఏమీ రాయలేదు.

నేను బెన్‌హరు కారులో ఎయిర్‌పోర్టుకి వస్తాను. కారు నాకు పడదు, ముందు సీట్లో కూచుంటాను, బావకి చెప్పకు.

ఒక్కమాట. మధ్యలో సింగపూరులో విమానం ఆగుద్దంట. అక్కడ తినేవన్నీ దొరుకుతాయంట. బావ చెయ్యి గట్టిగా పట్టుకో. దిగనివ్వకు.

అన్నయ్య
సమూయేలు